సీమాంత కర్షకుని ఆస్తి విభాగం

ఒక వ్యక్తి సంపాదించిన సంపద, లేదా వంశక్రమంలో అనుభవిస్తూ వచ్చిన సంపద, అతని నుండి ఎవరికి, ఏ క్రమంలో, ఏ ప్రమాణంలో సంక్రమించాలో నిర్ణయించే నియమ సముదాయానికి దాయక్రమమని పేరు. ఇది న్యాయవాదులకు మాత్రమే పనికివచ్చే విషయమని సామాన్యంగా భావిస్తారు గాని, భూమియే ప్రధాన ధనమైన సమాజంలో దాయక్రమం భూమాపన శాస్త్రంతోను, వ్యవసాయార్థ శాస్త్రంతోను, జనాభా శాస్త్రంతోను గాఢంగా ముడిపడి ఉంటుంది. ఎన్ని ఎకరాలున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఆ ఎకరాలను ఏ గీత వెంట విడదీయవచ్చునన్నదీ అంతే ముఖ్యం. ఎంతమంది సంతానమన్నది ఎంత ముఖ్యమో, ముసలితనంలో అన్నం పెట్టేది ఎవరన్నది అంతకంటె ముఖ్యం. ఈ సంబంధాలన్నీ ఒకేచోట విశదంగా పరిశీలించడానికి వీలిచ్చే క్షేత్రం పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల అమెరికా పశ్చిమ సీమాంతం. అక్కడి ఒక కర్షక కుటుంబపు నాలుగు తరాల చరిత్ర, ఆ వంశంలో పుట్టిన ఒక వ్యక్తి కీర్తి కారణంగా, పత్రాలతో సహా మనకు దక్కింది. ఆ కుటుంబాన్ని చేరుకునే ముందు పరిభాషను స్థిరపరచుకోవడం అవసరం.

సీమాంతమనగా ఇక్కడ రెండు దేశాల నడిమి సరిహద్దు కాదు. వలస వచ్చిన జనావాసం పడమటి దిక్కుగా విస్తరించే కొద్దీ దాని అంచున ఏర్పడుతూ, చెరుగుతూ, మళ్ళీ ముందుకు జరుగుతూ వచ్చిన పలుచని వలయం. చదరపు మైలుకు ఇద్దరికన్న తక్కువ జనమున్న నేలను అమెరికా జనగణన శాఖ నివాసరహితంగా లెక్కించేది. ఆ లెక్క ప్రకారం ఇక ఎడతెగని సీమాంతరేఖ గీయడం సాధ్యం కాదని 1890 జనగణన పిమ్మట తేల్చింది. నివాసరహితమన్న ఆ మాటను పాఠకుడు యథాతథంగా స్వీకరించరాదు. షానీ, మయామీ, డెలవేర్ మొదలైన ఆదివాసీ జాతులవారు ఆ నేలలో కొన్నిచోట్ల మొక్కజొన్న పండిస్తూ, కొన్నిచోట్ల వేటాడుతూ బ్రతికారు. యుద్ధాల వల్లను, 1795 నాటి గ్రీన్‌విల్ ఒడంబడిక వంటి ఒప్పందాల వల్లను వారి చేయి జారిన నేలనే సీమాంత కర్షకుడు తన బిడ్డలకు పంచిపెట్టాడు. విభాగానికి ముందు ఆర్జన ఉంటుంది. ఆర్జన స్వభావం తెలియకుండా విభాగపు న్యాయాన్యాయాలను తూచడం అసంపూర్ణ పరిశీలన అవుతుంది.

విభాజ్యమైన ఆస్తి ద్వివిధం. భూమి, దానిపై కట్టిన ఇల్లు, చెట్టు చేమ స్థిరాస్తి. పశువులు, పనిముట్లు, పాత్రలు, ధాన్యం, నగదు, రావలసిన బాకీలు చరాస్తి. ఇంగ్లండు నుండి సంక్రమించిన సామాన్య న్యాయంలో ఈ భేదం అతి ప్రధానమైనది, ఎందుకంటే స్థిరాస్తి ఒక మార్గంలోను చరాస్తి మరొక మార్గంలోను వారసులను చేరుకునేవి. దక్షిణాదిన ఈ వర్గీకరణ ఒక ఘోరమైన చిక్కుకు దారితీసింది. బానిసలుగా ఉంచిన మనుషులను చట్టం ఆస్తిగా పరిగణించింది సరే, ఏ ఆస్తిగా? కెంటకీ రాష్ట్రం 1798లో చేసిన చట్టం వారిని వారసత్వం నిమిత్తం స్థిరాస్తిగా నిర్దేశించింది. వీలునామాలలో గుర్రం పేరు, మంచం పేరు వ్రాసిన వరుసలోనే తల్లి పేరు ఒక కుమారునికి, బిడ్డ పేరు ఒక కుమార్తెకు వ్రాయడం ఆ ప్రాంతపు కచేరీ పుస్తకాలలో అరుదు కాదు. ఒక కుటుంబపు పంపకం మరొక కుటుంబపు విచ్ఛేదమైన సందర్భమిది.

సంక్రమణ మార్గాలు మూడు. యజమాని తన ఇచ్ఛను వ్రాతపూర్వకంగా ప్రకటించి మరణిస్తే ఆ పత్రం ప్రకారం జరిగేది సశాసన సంక్రమణం. ఏమీ వ్రాయకుండా మరణిస్తే చట్టం తనంతట తాను నిర్ణయించేది నిశ్శాసన సంక్రమణం. బ్రతికి ఉండగానే దానపత్రం ద్వారానో క్రయపత్రం ద్వారానో బిడ్డలకు దఖలు పరచేది జీవత్సంక్రమణం. చివరిదాన్ని దాయక్రమంలో భాగంగా చాలామంది గణించరు. నా దృష్టిలో అది పొరపాటు. సీమాంతంలో భూమి చేతులు మారిన తీరును అర్థం చేసుకోవడానికి మరణశాసనాలకంటె దానపత్రాలే ఎక్కువ ఉపకరిస్తాయి.

తెలుగు పాఠకుడు ఒక మౌలిక భేదాన్ని గుర్తుంచుకోవాలి. విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి, పదమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరిట తెలుగులోకి తెచ్చిన ధర్మాన్ననుసరించి, పిత్రార్జితంలో కుమారునికి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. కనుక మన ఇళ్ళలో భాగాలు పంచుకోవడమంటే అదివరకే ఉన్న హక్కును విడదీసుకోవడం. ఆంగ్ల సామాన్య న్యాయంలో బ్రతికి ఉన్న తండ్రికి వారసులే ఉండరు, ఆశావహులు మాత్రమే ఉంటారు. తండ్రి తలచుకుంటే వీలునామా వ్రాసి ఒక కుమారుని పూర్తిగా తొలగించవచ్చు. భార్య హక్కును మాత్రం తొలగించలేడు. అందువల్ల ఆ కర్షకుని చేతిలో భూమి కేవలం జీవనాధారం కాక, బిడ్డల విధేయతను నిలుపుకునే సాధనం కూడా అయింది. మసాచుసెట్స్‌లోని ఆండోవర్ గ్రామపు నాలుగు తరాలను పరిశీలించిన ఫిలిప్ గ్రెవెన్, తండ్రులు కుమారులకు పెళ్ళిళ్ళు చేసి వేరు కాపురాలు పెట్టించి కూడా, భూమి పత్రాలను మాత్రం చాలాకాలం తమవద్దే ఉంచుకున్నారని 1970లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు.

నిశ్శాసన సంక్రమణంలో చట్టం అనుసరించగల సూత్రాలలో మూడు ఇక్కడ ప్రసక్తం. స్థిరాస్తి యావత్తూ పెద్ద కుమారునికే చెందడం జ్యేష్ఠాధికారం. పెద్దవానికి రెండు పాళ్ళు, తక్కినవారికి ఒక్కొక్క పాలు రావడం ద్విగుణ భాగం. అందరికీ సమానంగా రావడం సమభాగం. వర్జీనియా మొదలైన దక్షిణపు వలస రాజ్యాలు మొదటిదాన్ని, మసాచుసెట్స్, పెన్సిల్వేనియా వంటివి రెండవదాన్ని పాటించాయి. స్వాతంత్ర్యానంతరం వర్జీనియాలో జ్యేష్ఠాధికారాన్ని రద్దుచేసే చట్టాన్ని రూపొందించినవాడు థామస్ జెఫర్సన్. ఆ చర్చలో ఎడ్మండ్ పెండిల్టన్ అనే పెద్దమనిషి, పాతది పూర్తిగా నిలబెట్టలేకపోతే కనీసం హెబ్రూ ధర్మంలోవలె జ్యేష్ఠునికి రెండు పాళ్ళైనా ఇవ్వాలని పట్టుబట్టగా, పెద్దవాడు ఇద్దరి తిండి తిని ఇద్దరి పని చేయగలిగితే అప్పుడు ఆలోచిద్దామన్న భావం వచ్చేటట్లు జెఫర్సన్ బదులిచ్చినట్లు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. 1785లో ఆమోదం పొందిన ఆ చట్టం కుమారులకూ కుమార్తెలకూ సమభాగం విధించింది. అది అమలులోకి వచ్చిన తేదీ 1787 జనవరి 1. ఈ తేదీని పాఠకుడు మనస్సులో ఉంచుకోవాలి. అదే సంవత్సరం జూలైలో ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న విశాల ప్రాంతానికై కేంద్ర ప్రభుత్వం జారీచేసిన వాయవ్య శాసనం కూడా సమభాగాన్నే నిర్దేశించింది. చనిపోయిన బిడ్డ పాలు ఆ బిడ్డ సంతానానికి చెందాలని, సవతి తల్లుల బిడ్డలైన అర్ధరక్త సోదరులకు, పూర్ణరక్త సోదరులకు భేదం పాటించరాదని కూడా అందులో ఉన్నది. అర్ధరక్త బంధమంటే తల్లిదండ్రులలో ఒకరు మాత్రమే ఉమ్మడిగా ఉండడం. భార్య తన మొదటి వివాహం ద్వారా వెంట తెచ్చుకున్న బిడ్డలకు రెండవ భర్తతో రక్తబంధమే లేదు కనుక వారికి నిశ్శాసన సంక్రమణంలో ఏమీ రాదు. ఈ సూక్ష్మం ముందు ముందు పనికివస్తుంది.

వితంతువు హక్కు వేరొక శాఖ. భర్త స్థిరాస్తిలో మూడింట ఒక వంతును ఆమె బ్రతికినంతకాలం అనుభవించే హక్కు ఉండేది. అమ్ముకోవడానికి గాని, తన వారసులకు ఇవ్వడానికి గాని వీలుండేది కాదు. దీనిని వితంతు తృతీయాంశమందాము. ఒకరికి యావజ్జీవ అనుభవ హక్కు ఉన్న భూమిపై, వారి అనంతరం అమలులోకి రావలసిన హక్కు శేషహక్కు. ఒకే చెక్కపై ఒకే సమయాన తల్లికి యావజ్జీవ హక్కు, కుమారునికి శేషహక్కు ఉండవచ్చునన్న ఈ కల్పన సామాన్య న్యాయపు సూక్ష్మమైన నిర్మాణాలలో ఒకటి. భర్త భూమి అమ్మేటప్పుడు భార్య తన తృతీయాంశాన్ని వదులుకుంటేనే కొన్నవానికి నిష్కంటకమైన హక్కు దక్కేది. అందుచేత చాలా రాష్ట్రాలలో న్యాయాధికారి ఆమెను భర్త లేని గదిలోకి పిలిచి, ఇది ఇష్టపూర్వకమా, ఎవరైనా బలవంతపెట్టారా అని విడిగా విచారించి, అలా విచారించినట్లు దస్తావేజు అడుగున వ్రాయించేవాడు. ఇంటికి వెళ్ళి అదే భర్తతో కాపురం చేయవలసిన స్త్రీ ఆ గదిలో ఎంత స్వేచ్ఛగా మాట్లాడిందో చెప్పడం కష్టమే గాని, ఆ నాలుగు పంక్తులు లేని పత్రానికి విలువ తగ్గేదన్నది నిజం.

వీలునామాలు వ్రాసిన కర్షకులు ఈ తృతీయాంశాన్ని తరచుగా మనోవర్తిగా మార్చేవారు. ముఖ్యంగా పెన్సిల్వేనియాలోని జర్మన్ రైతులు పొలమంతా ఒక కుమారునికి దఖలుపరచి, దానికి బదులుగా తల్లికి అతడు ఏమేమి సమకూర్చాలో పూసగుచ్చినట్లు వ్రాయించేవారు: ఇంట్లో ఆమె ఉండవలసిన గది ఏది, ఏటా ఎన్ని బుషెళ్ళ గోధుమలు, ఎంత ఉప్పు, ఎంత పందిమాంసం, మేత వేసి పోషించవలసిన ఆవు ఒకటి, పొయ్యికి సరిపడా నరికి గుమ్మంలో వేయవలసిన కట్టెలు, బావికీ పెరటి తోటకూ నడిచి వెళ్ళే దారి. కోడలితో తగవు వచ్చిననాడు బావి దారి మూసుకుపోగలదని ఊహించి ముందే వ్రాయించుకున్న ఆ కర్షకుని లోకజ్ఞానం అసాధారణమైనది.

ఇక కుమార్తెల సంగతి. సమభాగ చట్టాలు వచ్చిన తరువాత కూడ వీలునామా వ్రాసిన తండ్రులు సాధారణంగా భూమిని కుమారులకు, చరాస్తిని కుమార్తెలకు కేటాయించారు: ఈకల పరుపు, రాట్నం, ఆవుపెయ్య, కొంత నగదు. వివాహిత స్త్రీ చరాస్తి భర్త స్వాధీనమవుతుందన్న నియమం అప్పట్లో ఉండడం వల్ల, ఆమెకిచ్చినది అల్లునికిచ్చినట్లే అయ్యేది. 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్ రాష్ట్రాలు చేసిన వివాహిత స్త్రీ ఆస్తి చట్టాలతో ఈ స్థితి మెల్లగా మారసాగింది.

పెళ్ళినాడో, వేరు కాపురం పెట్టిననాడో తండ్రి ఇచ్చినదాన్ని పూర్వదత్త భాగమంటారు. నిశ్శాసన సంక్రమణంలో దీన్ని సర్దుబాటు చేసే గణితం గమనించదగినది. ఊహకు, ఒక కర్షకునికి భార్య, నలుగురు బిడ్డలు, 600 డాలర్ల విలువగల చరాస్తి ఉన్నవనుకుందాము. మూడింట ఒక వంతు, అనగా 200 డాలర్లు భార్యకు పోగా 400 మిగులుతుంది. పెద్ద కుమారుడు గుర్రం, నాగలి రూపంలో అదివరకే 120 డాలర్ల పూర్వదత్త భాగం పొంది ఉంటే, ఆ మొత్తాన్ని కాగితం మీద తిరిగి కలిపి 520గా లెక్కించి నాలుగుతో భాగించగా ఒక్కొక్కరికి 130 వస్తుంది. కనుక పెద్దవానికి మరి 10 డాలర్లు, తక్కిన ముగ్గురికీ 130 చొప్పున చెల్లుతుంది. చరాస్తికి ఈ లెక్క తేలిక. ఆవును అమ్మి డబ్బు పంచుకోవచ్చు. భూమి దగ్గర గణితం ఒక్కటే చాలదు.

భూమిని విభజించాలంటే మొదట దాన్ని నిర్వచించాలి. వర్జీనియా, కెంటకీ ప్రాంతాలలో పాటించినది చెక్కుబందీ పద్ధతి: ఫలానా తెల్ల ఓక్ చెట్టు నుండి ఇన్ని దండాలు ఈశాన్యంగా, అక్కడి నుండి వాగు వంపు దాకా, అక్కడి నుండి గుర్తు చెక్కిన బీచ్ చెట్టు దాకా అంటూ సాగే వర్ణన. చెట్టు కూలినా, వాగు దారి మార్చినా హద్దు సందిగ్ధమయ్యేది. ఒకే నేలపై ఇద్దరు ముగ్గురు పట్టాలు తెచ్చుకునేవారు. ఈ అవస్థను నివారించడానికి 1785 భూశాసనం కొత్త భూములకు చతురస్ర మాపన పద్ధతిని విధించింది. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చతురస్రం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు. ఒక్కొక్క సెక్షన్ చదరపు మైలు, అనగా 640 ఎకరాలు. సెక్షన్‌లో నాలుగవ వంతు 160 ఎకరాలు. అందులో మళ్ళీ నాలుగవ వంతు 40 ఎకరాలు. భూమాపకులు వాడిన గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. కాబట్టి ఇటు 20 గొలుసులు, అటు 20 గొలుసులు కొలిస్తే సరిగ్గా నలభై ఎకరాలు. పటం మీద ప్రతి చెక్కకూ దిక్కులతో కూడిన పేరు ఏర్పడింది: ఫలానా సెక్షన్‌లో ఈశాన్య పాదంలోని ఆగ్నేయ పాదం. చెట్టుతో, వాగుతో పని లేదు. ఈ నలభై ఎకరాల చెక్క రైతుల సంభాషణలో ఉత్త 'నలభై'గా స్థిరపడి, ఆస్తి విభాగానికి సహజమైన మూలమానమయింది.

నూట అరవై ఎకరాలను నలుగురికి పంచితే నాలుగు నలభైలు. ఆరుగురికి పంచితే తలా ఇరవై ఆరు ఎకరాల పైన మూడింట రెండు వంతులు. ఈ పాలు ఏ సర్వే గీతకూ ఒదగదు, దానిచుట్టూ కట్టవలసిన కంచె మాత్రం నేల తగ్గినంతగా తగ్గదు. వైశాల్యం సగమైతే చుట్టుకొలత సగం కాదన్న రేఖాగణిత సత్యం, ఒక్కొక్క కంచె వాసాన్ని చేతితో చీల్చుకునే రైతుకు చాలా ఖరీదైనది. కనుక అతని ముందు మూడు దారులున్నవి: పొలం ఒకరికిచ్చి తక్కినవారికి అతనిచేత నగదు ఇప్పించడం, సమీపంలో మరి కొంత కొని అందరికీ సరిపెట్టడం, ఉన్నది అమ్మివేసి అదే సొమ్ముకు ఎక్కువ నేల దొరికే పడమటికి కుటుంబంతో సహా తరలిపోవడం. ప్రభుత్వ భూమి ధర 1796 నుండి ఎకరానికి 2 డాలర్లు, 1820లో 1.25 డాలర్లకు తగ్గి, కనీసం కొనవలసిన వైశాల్యం 80 ఎకరాలైంది, 1832లో 40కి దిగింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఐదేళ్ళు నివసించి సేద్యం చేసినవారికి 160 ఎకరాలు నామమాత్రపు రుసుముకే ఇచ్చింది. సీమాంతమే కుమారులకు వాటా ఇస్తున్నప్పుడు తండ్రి తన పొలాన్ని ముక్కలు చేయవలసిన అవసరం తగ్గింది. సమభాగ చట్టం అమెరికాలో అంత సులభంగా నిలదొక్కుకోవడానికి సిద్ధాంతబలంకంటె ఈ చవక నేలయే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ఈ సూత్రాలను ఇప్పుడు ఒక కుటుంబానికి అన్వయిద్దాము. పెన్సిల్వేనియా నుండి వర్జీనియాలోని షెనాండోవా లోయకు వలసవెళ్ళిన జాన్ లింకన్ అనే కర్షకుడు లిన్‌విల్ వాగు ఒడ్డున భూమి కొని, 1773లో, తాను బ్రతికి ఉండగానే, భార్య రెబెకాతో కలిసి అందులో కొంత భాగాన్ని పెద్ద కుమారులైన అబ్రహాముకు, ఐజాక్‌కు దఖలుపరచాడు. అబ్రహాము వాగుకు ఆవలి ఒడ్డున, తల్లిదండ్రుల ఇంటికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నాడు. ఇది జీవత్సంక్రమణానికి శుద్ధమైన ఉదాహరణ.

ఆ అబ్రహాము 1780 ప్రాంతంలో వర్జీనియా భూమిని అమ్మి, అప్పటికింకా వర్జీనియాలో భాగమైన కెంటకీకి తరలి, ఐదు వేల ఎకరాలకు పైగా హక్కు సంపాదించాడు. 1786 మేలో ముగ్గురు కుమారులతో పొలంలో పని చేస్తూండగా అడవి నుండి వచ్చిన తుపాకీ గుండు తగిలి మరణించాడు. పెద్దవాడు మోర్డెకాయ్ తుపాకీ కోసం ఇంటికి పరుగెత్తాడు. నడిమివాడు జోసయ్య సహాయం కోసం సమీపపు రక్షణ స్థావరానికి పరుగెత్తాడు. ఎనిమిదేళ్ళ థామస్ తండ్రి శవం ప్రక్కనే నిలబడిపోయాడు. వాణ్ణి పట్టుకోబోయిన ఆదివాసీ యోధుని మోర్డెకాయ్ ఇంటి నుండి గురిచూసి కాల్చాడు. మృతునికి వీలునామా లేదు. జ్యేష్ఠాధికారం రద్దు చేసే చట్టం అప్పటికే ఆమోదం పొందింది గాని, అమలుకు ఇంకా ఏడు నెలలకు పైగా వ్యవధి ఉన్నది. అందుచేత పాత చట్టమే వర్తించి భూమి యావత్తూ మోర్డెకాయ్‌కి చెందింది. చరాస్తి జాబితాలో గుర్రాలు, దూడలతో కూడిన ఆవులు, నాగలి, కలుపు గుద్దలులు, అవిసె నార వడికే రాట్నం, తగరపు పళ్ళాలు, వంట ఇనుపపాత్ర, తుపాకులు ఉన్నవి. భూమితో పోలిస్తే అది స్వల్పం. వేల ఎకరాల ఆసామి కడసారి కొడుకు పిల్లతనం నుండే కూలిపనికి, వడ్రంగానికి అలవాటుపడి, చదువు లేక, కష్టంమీద సంతకం చేయగలిగినంతవరకే అక్షరజ్ఞానం గడించాడు. అదే మరణం 1787 జనవరిలో సంభవించి ఉంటే ఐదుగురు బిడ్డలకూ సమభాగం వచ్చేది. చట్టం మారుతున్న కాలంలో తేదీ ఒక్కటే ఒక మనిషి బ్రతుకును ఎలా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం నేను చూడలేదు.

థామస్ పెరిగి, కెంటకీలోనే ఒకటి తరువాత ఒకటిగా పొలాలు కొన్నాడు గాని, చెక్కుబందీ పద్ధతిలోని లోపాల వల్ల ఒకచోట విస్తీర్ణం తగ్గి నష్టపోయాడు, మరొకచోట దావాలో చిక్కుకున్నాడు. 1816లో కుటుంబంతో ఒహాయో నది దాటి, చతురస్ర మాపనం అమలులో ఉన్న ఇండియానాకు వెళ్ళాడు. అక్కడ 160 ఎకరాలకు ఎకరం 2 డాలర్ల చొప్పున దరఖాస్తు చేసి, 320 డాలర్లలో నాలుగవ వంతు కట్టగలిగాడు. తక్కినది కట్టలేక, 1827లో సగం భూమిని ప్రభుత్వానికి వదిలి, వదిలిన సగంపై కట్టిన సొమ్మును మిగిలిన సగానికి జమ వేయించుకుని 80 ఎకరాలకు పట్టా పొందాడు. భార్య నాన్సీ 1818లో మరణించగా, మరుసటి ఏడాది సేరా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమె వెంట ముగ్గురు బిడ్డలు, వాల్‌నట్ చెక్క సొరుగుల బీరువా, పరుపులు, వంటసామాను బండిమీద వచ్చాయి. థామస్‌కు సొంత బిడ్డలు ఇద్దరు మిగిలారు: సేరా, అబ్రహాము. సేరా 1828లో ప్రసవ సమయంలో మరణించింది, బిడ్డా దక్కలేదు. ఆ విధంగా, రక్తబంధం మాత్రమే చూసే చట్టం దృష్టిలో థామస్‌కు మిగిలిన వారసుడు ఒక్కడే, తరువాత దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకన్. కళ్ళెదుట కాపురమున్నది మాత్రం మారుటి కుమారుడు జాన్ జాన్‌స్టన్.

కుటుంబం 1830లో ఇల్లినాయ్‌కి, అక్కడ రెండు మూడు చోట్లు మారి కోల్స్ కౌంటీలోని గూస్‌నెస్ట్ ప్రెయిరీకి చేరింది. 1841 నాటికి థామస్ చేతిలో అక్కడ మూడు నలభైలున్నాయి. ఆ సంవత్సరం అక్టోబరులో తూర్పు నలభైని ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో న్యాయవాదిగా ఉన్న కుమారునికి 200 డాలర్లకు అమ్మాడు. ఈ వ్యవహారాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలి. థామస్‌కు వెంటనే నగదు చేరింది. తానూ భార్యా బ్రతికినంతకాలం, ఇద్దరిలో ఎవరు మిగిలితే వారు మిగిలినంతకాలం, ఆ నేలపై పూర్తి అనుభవ హక్కు వారిదే. అబ్రహాముకు దక్కినది శేషహక్కు మాత్రమే. అదీ నిర్బంధరహితం కాదు. ముసలివాళ్ళిద్దరూ గతించిన ఏడాదిలోగా జాన్‌స్టన్ అదే 200 డాలర్లు చెల్లిస్తే భూమి అతనికి వ్రాసి ఇవ్వడానికి అబ్రహాము కట్టుబడ్డాడు. ఒక చిన్న చెక్కపై తల్లికి మనోవర్తి, కుమారుని సొమ్ముకు భద్రత, చట్టం గుర్తించని మారుటి కుమారునికి అవకాశం, మూడూ ఏకకాలంలో అమరాయి. కాగితం న్యాయవాది చేతిదే కావచ్చు. ఎవరి అవసరం ఏమిటో ఎరిగి ఒప్పుకొని భూమిని విడిచినవాడు, తండ్రి ఆస్తిలో పాలు దక్కని బాధ అనుభవపూర్వకంగా తెలిసిన ఆ నిరక్షరప్రాయుడు.

థామస్ 1851 జనవరిలో మరణించాడు. మిగిలిన ఎనభై ఎకరాలకు ఏకైక వారసుడు అబ్రహామే. అదే సంవత్సరం ఆగస్టులో అబ్రహాము దంపతులు ఆ ఎనభైని ఒక్క డాలరు ప్రతిఫలానికి జాన్‌స్టన్‌కు వ్రాసి ఇచ్చారు. సేరా వితంతు తృతీయాంశానికి లోబడి అన్న షరతు పత్రంలో చేర్చడం మరువలేదు. నవంబరు నాటికి జాన్‌స్టన్ ఉన్నదంతా అమ్మి మిస్సోరీ వెళ్ళాలని పట్టుబట్టాడు. ఎనభై అతనిది కనుక అతని ఇష్టమని విడిచినా, తూర్పు నలభై జోలికి మాత్రం రానివ్వకుండా అబ్రహాము వ్రాసిన ఉత్తరాలు లభ్యమవుతున్నాయి. ఆ నలభైని కౌలుకిచ్చినా తల్లి పోషణకు సరిపోతుందని, మిస్సోరీలో మాత్రం ఒళ్ళు వంచకుండా పంట పండుతుందా అని ఆయన వాదన. జాన్‌స్టన్ తన ఎనభైని సేరాకు కుమార్తె కొడుకైన జాన్ హాల్‌కు అమ్మివేశాడు. కాబట్టి ఆ భూమిపై కుటుంబం నివసించిన ఇల్లు ఆమె మనుమని చేతిలోనే ఉన్నది.

ఎందరి వీలునామాలో, దస్తావేజులో చూసిన న్యాయవాది అబ్రహాము లింకన్, 1865లో హతుడైనప్పుడు తనకంటూ ఒక వీలునామా వ్రాసి ఉంచలేదు. తాతగారి మరణమూ నిశ్శాసనమే, మనుమని మరణమూ నిశ్శాసనమే. కాని మధ్యలో చట్టం మారింది. న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ నిర్వాహకుడుగా ఉండి పరిష్కరించిన సుమారు 1,10,000 డాలర్ల ఆస్తిలో భార్య మేరీకి, కుమారులు రాబర్ట్, టాడ్‌లకు తలా మూడవ వంతు, 36,000 డాలర్ల పైచిలుకు వచ్చింది. మారుటి తల్లి నిశ్శాసన వారసుల పట్టికలో లేదు కనుక సేరాకు అందులో ఏమీ రాలేదు.

ఆమెకు రావలసినది 1841 నాటి పత్రంలోనే ఉన్నది. ఆ ఏర్పాటులో పాల్గొన్న థామస్, అబ్రహాములిద్దరూ గతించారు. తిరిగి కొనుక్కునే అవకాశమున్న జాన్‌స్టన్ కూడా 1854లోనే మరణించాడు. యావజ్జీవ హక్కు మాత్రం శేషహక్కుదారుల చావుబ్రతుకులతో నిమిత్తం లేనిది. సేరా 1869లో గూస్‌నెస్ట్ ప్రెయిరీ ఇంట్లోనే మరణించేవరకు తూర్పు నలభైపై ఆమె హక్కు చెక్కుచెదరలేదు.